బంగారు బల్లి కోసం

నాకు కాలు ఒకచోట నిలవదు. మోకాళ్లు అరిగిపోయాయి, ఇక కొండలెక్కొద్దని డాక్టరు చెప్పిన వారమే మా ఆయన్ను బతిమాలి, కసిరి, పాకాల నుంచి తలకోనకు బయలుదేరదీశాను. శేషాచలం రాతి సందుల్లో ఉండే బంగారు బల్లిని ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేకపోయాను. ఈసారి కనబడకపోతే ఇక లేనట్టే.

కొండ అంచున దారి సన్నగా ఉంది. ఒకవైపు లోయ, ఒకవైపు తడి రాయి. మా ఆయన ప్రతి ఎర్రచందనం చెట్టు దగ్గరా ఆగి బెరడు తడుముతాడు. పైకొమ్మల్లో పెద్ద బెట్టుడుత కనబడితే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. ఉడుతను చూడ్డానికా వచ్చింది? నేను ముందుకు నడిచి, కనిపించిన ప్రతి సందులోనూ టార్చి వేశాను. తేలు కనిపించింది, సాలీడు కనిపించింది, బల్లి మాత్రం లేదు.

"మే, నువ్విట్ల తిరగతా ఉంటే అది యాడ బయటికొస్తాది? రవ్వంతసేపు కుదురుగా కూర్చో" అన్నాడు.

ఆయన మాట విని కాదు, మోకాళ్లు సలుపుతున్నాయని కూర్చున్నాను. చరియ కింద రాతికి వీపు ఆనించానో లేదో, నెత్తి మీద చల్లగా ఏదో పడింది. కెవ్వుమని లేచి కొంగుతో జుట్టంతా దులిపేశాను.

"బంగారు బల్లి మే! పచ్చగా మెరస్తా ఉండాది. నీ నెత్తినే పడింది!"

నేను తిరిగేలోపు అది సందులో దూరిపోయింది. టార్చి వేస్తే ఉత్త రాయి.

ఆయన ముఖం పాలిపోయింది. బల్లి నెత్తిన పడితే ప్రాణగండమని మా వైపు భయం. కంచి గుడిలోని బంగారు బల్లిని తాకివచ్చిన వాళ్లను ముట్టుకుంటే ఆ దోషం పోతుందని నమ్మకం. ఆయన చెయ్యి చాపాడు.

"నేను కంచిలో తాకొచ్చినాను గదా. నన్ను ముట్టుకో."

"ముట్టుకోను పో!"

నాకు ఒళ్లు మండింది. కళ్లారా చూసే రాత ఎలాగూ లేకపోయె. అది నన్ను తాకిందన్న మాట ఒక్కటే నాకు మిగిలింది. దాన్నీ తుడిచేసుకోమంటాడా?

దిగేటప్పుడు వెనకే బతిమాలుతూ వచ్చాడు. నేను రాళ్లూ చెట్ల వేళ్లూ పట్టుకుని విసవిసా దిగుతున్నాను. ఏటవాలు దగ్గర కుడి మోకాలు మడతపడింది. లోయ వైపు జారుతుంటే ఆయన చెయ్యే అందింది. గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మయ్య, దోషం పోయింది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అయినా కింద రోడ్డు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేకపోయాను.