మందుకు చావని పురుగులు

గొర్రెల కడుపులో పురుగుల మీద పరిశోధన చేస్తానంటే మా ఊళ్లో ఎవరూ మెచ్చుకోలేదు. ఆత్మకూర్ చుట్టుపక్కల మందల వెంట తిరుగుతూ పెంటికలు ఏరి డబ్బీల్లో వేసుకుంటుంటే 'పెంటికల డాక్టరమ్మ' అని పేరు పెట్టారు. నాకూ నవ్వొచ్చేది, మా నాయిన మందలోని ముసలి గొర్రె జబ్బు పడేదాకా.

మందలో సగం దాని సంతానమే. ఆ వానాకాలం దాని దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. కనురెప్ప తిప్పి చూస్తే లోపల సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. కడుపులో పురుగులు రక్తం తాగేస్తున్నాయి. నాయిన పురుగుల మందు తాపాడు. కొన్నాళ్లాగి పెంటికలను మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. పురుగుల గుడ్లు ఏమీ తగ్గలేదు.

ఎందుకో నాకు తెలుసు. ఏళ్ల తరబడి, వాన పడగానే మంద మొత్తానికీ అదే మందు తాపుతూ వచ్చాం. ప్రతిసారీ మందుకు లొంగిన పురుగులు చచ్చాయి, లొంగనివి గుడ్లు పెట్టాయి. ఇప్పుడు మందలో ఉన్నది వాటి సంతతే.

"మంచిగున్నవాటికి తాపకు నాయినా. మందుకు సచ్చే పురుగులు కొన్నన్న మిగలాలె, లేకుంటే మిగిలేటియన్ని సావనియే అయితయి," అన్నాను.

"ఒకదానికి తాపి ఒకదాన్ని ఎట్ల ఇడుస్త బిడ్డా? రేపు అది గూడ పడుకుంటే?"

పట్నం నుంచి ఇంకో రకం మందు తెప్పించాను. అది వచ్చేసరికే గొర్రె లేవలేకపోయింది. నాయిన దాని తల ఒళ్లో పెట్టుకుని గంజి తాపుతుంటే పక్కన నిలబడ్డాను. అంతకుమించి నాకేమీ చేతకాలేదు. ఒళ్లు మండిపోయింది, పురుగుల మీదో నా మీదో.

మర్నాడు అది చచ్చిపోయింది. నమూనా కోసం పొట్ట కోశాం. లోపల సన్నటి ఎర్రటి దారప్పోగుల్లా పురుగులు, ఇంకా కదులుతూ.

"ఇగ ఇవి గూడ సస్తయా?" అని అడిగాడు నాయిన.

"సస్తయి."

"మరి దీన్నెందుకు సంపుకున్నయి? ఇది బతికితేనే గద అవి బతికేది."

నా పరిశోధన మొత్తం ఆ ప్రశ్న మీదే. వాటి గుడ్లు ఎప్పుడో పెంటికలతో బయటపడి, పిల్లలై, మంద మేసే తడి గడ్డి మీద పాకుతున్నాయి. నాయిన కత్తి కడిగి కర్ర అందుకున్నాడు. మందను మళ్లీ అటే తోలాడు. మాకు వేరే బీడు లేదు.