వాలుగా పెట్టిన స్ట్రిప్పు

ఆకాశంలో ఉన్న విమానాలకు దారి చెప్పే ఉద్యోగం నాది. మేడ్చల్‌లో మా చిన్నమ్మ మాత్రం ఇప్పటికీ ఏ పెళ్లికి వెళ్లినా "మా పిల్ల ఇమానం నడుపుతది" అనే చెబుతుంది. కాదు చిన్నమ్మా, నడిపేవాళ్లకు ఎటు పోవాలో, ఎంత ఎత్తులో ఉండాలో చెబుతానంటే, "అదేనే, కండక్టరు" అంటుంది. ఆమె మీద కోపం తెచ్చుకోవడం ఎప్పుడో మానేశాను.

ఆ పని నాకు నేర్పినాయన శామీర్‌పేటవాడు. మా నాయిన కంటే రెండేళ్లు పెద్ద. ఆఫీసులో సార్ అనేదాన్ని, ఇంటికెళ్తే చాచా. తొంభైల మొదట్లో నేను చేరేనాటికే ఆయన మైకు ముందు పదహారేళ్లుగా కూర్చుంటున్నాడు.

అప్పట్లో మా పనంతా కాగితం మీదే. ఒక్కో విమానానికి జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు కాగితప్పట్టీ ఉంటుంది. దాన్ని స్ట్రిప్పు అంటాం. విమానం గుర్తు, ఎత్తు, వచ్చే వేళ దాని మీద పెన్నుతో రాసి, ప్లాస్టిక్ చట్రంలో దూర్చి, ఎదురుగా ఉన్న బోర్డులో ఒకదాని కింద ఒకటి పేరుస్తాం. ఎత్తు మారితే పాత అంకె కొట్టేసి పక్కన కొత్తది రాస్తాం. విమానం దిగిపోతే స్ట్రిప్పు తీసేస్తాం. పని సగంలో ఉన్న విమానం ఏదైనా ఉంటే, అంటే ఫలానా ఎత్తులో ఆగమని ఒకరికి చెప్పి ఇంకొకరితో మాట్లాడాల్సి వస్తే, ఆగమన్న విమానం స్ట్రిప్పును వరుసలోంచి కొద్దిగా లాగి వాలుగా పెడతాం. దాని సంగతి తేలేదాకా అది వాలుగానే ఉండాలి.

"నువ్వు మర్శిపోతవు బిడ్డా. అందరం మర్శిపోతం. గా వంకర స్ట్రిప్పు మర్వనియ్యది," అనేవాడు చాచా.

సెలవు రోజున మోపెడ్ మీద శామీర్‌పేట వెళ్లేదాన్ని. వాళ్లకు ఎకరంన్నర ద్రాక్షతోట ఉండేది. పందిరి కింద నులకమంచం వేసుకుని, పాత శుభలేఖలు కత్తిరించి స్ట్రిప్పులు చేసేవాడు. వడ్రంగితో గాడులు తీయించిన చెక్క మా బోర్డు. ఆయన భార్య, మా చాచీ, బియ్యం ఏరుకుంటూ పైలట్ అయ్యేది.

"నేనొస్తున్న. జల్దీ జాగియ్యి."

"పైలట్లు గట్ల మాట్లాడరే," అని చాచా విసుక్కునేవాడు.

"నా ఇమానంల నేను గిట్లనే మాట్లాడత," అనేది ఆమె, రాయి ఏరి పారేస్తూ. ఆ ఇంట్లో నేను నవ్వినంత మా ఇంట్లో ఎప్పుడూ నవ్వలేదు.

ఆయన మొదటినుంచీ ఒక్కటే కోరుకున్నాడు. ప్రమోషన్లు వచ్చినా మైకు వదిలి ఫైళ్లు చూసే ఉద్యోగానికి పోలేదు. "మైకు ముందట్నే రిటైర్ గావాలె నేను. ఆఖరి దినం గూడ ఒక ఇమానం దింపి లేస్త," అనేవాడు.

రెండువేల తర్వాత కొత్త తెరలు వచ్చాయి. ప్రతి విమానం ఒక చుక్క, చుక్క పక్కన దాని గుర్తూ ఎత్తూ. పెన్నుతో రాసేదంతా ఇప్పుడు మౌస్‌తో చెయ్యాలి. రెండు విమానాలు ఒకే ఎత్తులో దగ్గరకొస్తుంటే తెర ఎర్రబడి గంట మోగుతుంది. కొత్తొక వింత, పాతొక రోత అంటారు చూడండి, అది నా విషయంలో అక్షరాలా నిజం. నన్ను వేరే ఊరు పంపి శిక్షణ ఇప్పించారు. తిరిగొచ్చి సీనియర్లకు నేర్పమన్నారు. తాతకు దగ్గులు నేర్పే పని. నాకు మాత్రం భలే గర్వంగా ఉండింది.

తెర మీద పరీక్ష పాసైతేనే మైకు ముందు కూర్చోనిస్తారు. చాచాకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. పాసైతే కోరుకున్నట్టు సీట్లోంచే రిటైరవుతాడు, తప్పితే లేదు. నాకూ ఆయనకూ ఈ సంగతి స్పష్టంగా తెలుసు.

కొన్ని నెలలు తెరా, పక్కనే పాత బోర్డూ రెండూ ఉంచారు. ఎవరి దగ్గర కాగితం ఎప్పుడు తీసెయ్యాలన్నది నేర్పేవాళ్ల ఇష్టానికి వదిలారు. మిగతావాళ్లు తొందరపడలేదు. నేను చాచా దగ్గర రెండో వారంలోనే తీయించేశాను. తెర మీద ఉన్నదాన్నే మళ్లీ కాగితం మీద రాయడం దండుగ అనిపించేది. "రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు సార్. మీకు అలవాటవ్వాలనే," అన్నాను. నిజంగానే ఆయన మంచికే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

బోర్డు తీసేశాక ఆయన నెమ్మదించాడు. తెర బాగానే చదివేవాడు, మౌస్ పట్టడమూ వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం ఊరుకునేది కాదు. బోర్డు ఉండాల్సిన ఖాళీ జాగా మీదికి పోయి, వెనక్కి వచ్చేది. ఒకరోజు సాధన మధ్యలో జేబులోంచి రెండు కాగితప్పట్టీలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. శుభలేఖ ముక్కలు. పసుపు అంచు కూడా ఉంది. నేను ఆయన మణికట్టు పట్టుకుని ఆ ముక్కలు లాక్కుని చెత్తబుట్టలో వేశాను. గదిలో మావాళ్లు నలుగురున్నారు. తండ్రి వయసు మనిషి. మళ్లీ మౌస్ పట్టుకున్నాడు.

పరీక్ష రోజు ఉత్తుత్తి విమానాలు. పక్క గదిలో మావాళ్లే పైలట్ల గొంతుతో మాట్లాడతారు. వెనకాల పరీక్ష పెట్టేవాళ్లతో పాటు నేనూ నిలబడ్డాను. సగం దాకా చక్కగా సాగింది. తర్వాత ఒకేసారి అయిదారు విమానాలు వచ్చాయి. ఒకదాన్ని ఆగమన్నాడు. ఎడమ చెయ్యి వెళ్లి కళ్లద్దాల డబ్బాను బల్ల మీద వాలుగా పెట్టింది. ఇంకో నిమిషానికి మరో విమానాన్ని ఆపాల్సి వచ్చింది. చెయ్యి బల్లంతా తడిమింది. వాలుగా పెట్టడానికి ఇంకేమీ దొరకలేదు. ఆ రెండో విమానాన్నే మరిచిపోయాడు. అది ఆగిన ఎత్తుకే మూడోదాన్ని దిగమన్నాడు. తెర ఎర్రబడింది, గంట మోగింది.

ఆయన హెడ్‌సెట్ తీసి, తీగ చుట్టి, బల్ల మీద పెట్టాడు. ఫలితం కాగితం మీద నేర్పినవాళ్ల సంతకం కూడా ఉండాలి. పెట్టాను. కింద నాలుగు గీతల ఖాళీ ఉంది, ఏమైనా చెప్పదలిస్తే రాయడానికి. బోర్డు తొందరపడి తీసేసింది నేనేనని అక్కడ రాయొచ్చు. రాయలేదు.

ఆయన్ని పాత రికార్డుల గదికి వేశారు. అయిపోయిన స్ట్రిప్పులను తేదీలవారీగా కట్టలు కట్టే పని. నేను మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని వెళ్తే మామూలుగానే మాట్లాడేవాడు. కొన్ని నెలలకు తనే ముందుగా రిటైర్మెంట్ రాసిచ్చాడు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం దక్షిణాన మబ్బు కమ్మి విమానాలన్నీ మా నెత్తిన తిరుగుతున్నాయి. సీట్లో నేనున్నాను. ఒకదాన్ని ఆగమన్నాను. ఇంకోదాన్ని ఆగమన్నాను. మూడోదానితో మాట్లాడుతుంటే మొదటిది ఏ ఎత్తులో ఆగిందో ఒక్క క్షణం గుర్తుకు రాలేదు. తెర మీద అంకె ఉంది. కళ్లు దాన్ని చూస్తున్నాయి, బుర్రకు ఎక్కడంలేదు. పక్కనున్న నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి నాలుగు ముక్కలు చేసి గుర్తులు రాసుకుని పేర్చుకున్నాను. ఊపిరి ఆడింది. డ్యూటీ దిగి బాత్‌రూమ్‌లోకి పోయి ఏడ్చాను.

మరునాడే పైవాళ్లకు రాశాను, చాచా పరీక్ష సంగతితో సహా. నాలాగే ఇంకొందరూ రాశారట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. తెర పక్కన బోర్డు ఉంటుంది. స్ట్రిప్పు మిషన్‌లోంచి అచ్చయి వస్తుంది, దాని మీద పెన్నుతో రాసుకోవచ్చు. వెళ్లిపోయిన సీనియర్లు కావాలంటే నేర్పడానికి రావచ్చు, పరీక్ష మళ్లీ రాసి సీట్లోనూ కూర్చోవచ్చు.

ఆ కాగితం పట్టుకుని శామీర్‌పేట వెళ్లాను. ద్రాక్షతోట అమ్మేశారు. పందిరి రాళ్లు పీకేసి, ప్లాట్లకు తెల్ల రంగు వేసిన హద్దురాళ్లు పాతారు. చాచా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఉత్తర్వు చదివి వినిపించాను. బోర్డు తీసేసింది నేను చేసిన తప్పనీ, సంతకం పెట్టేటప్పుడు నోరు విప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పనీ చెప్పాను. కాళ్లు పట్టుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీ తప్పేం లేదు బిడ్డా. ఇగ నేను రాను."

"ఈసారి స్ట్రిప్పులుంటాయి చాచా."

నా చేతిలోని ఉత్తర్వు తీసుకుని, మడిచి తిరిగి ఇచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి, లోపల చాచీకి వినపడకుండా అడిగాడు.

"ఇరవై ఎనిమిదేండ్లు జేసిన. గన్నేండ్లు గంట గొట్టెటందుకు ఏ మిషను లేకుండె. ఎన్నిసార్లు గట్ల దగ్గరికి తెచ్చిన్నో, ఎందర్ని సావు దాకా తీస్కపోయిన్నో, ఎవరికెరుక? నువ్వు చెప్పు. నేను సక్కగనే జేసిన్నా?"

చక్కగానే చేశారని చెప్పాను. మీ అంత చక్కగా చేసినవాళ్లను నేను చూడలేదన్నాను. చిన్నపిల్లల మాటకు పెద్దవాళ్లు ఊపినట్టు తల ఊపాడు.

ఆ తర్వాత ఆయన మూడేళ్లు బతికాడు. వెళ్లినప్పుడల్లా అదే అడిగేవాడు, నేను అదే చెప్పేదాన్ని. ఒక్కసారి కూడా నమ్మలేదు.