ఓబులేసు పాలు, మూడు గ్లాసులు

కరోనా భయం తగ్గి పెళ్లిళ్లు మళ్లీ జోరందుకున్న ఏడాది, వేసవి. నంద్యాలలో నాది డెయిరీ సామాన్ల అంగడి. పాల క్యాన్లు, ప్యాకింగ్ కవర్లు, అన్నిటికన్నా ముఖ్యంగా కల్చర్ అమ్ముతాను. కల్చర్ అంటే పాలను తోడుపెట్టే బ్యాక్టీరియా పొడి. ఇంట్లో అయితే నిన్నటి పెరుగు చెంచాడు వేస్తాం. రోజూ ఒకే రుచి కావాల్సిన యూనిట్లు ఈ పొడి వేస్తాయి. మా నాయనది చెప్పుల అంగడి, చిన్నాయనది గాజుల అంగడి. మా ఇంట్లో పిల్లలకు నడక కన్నా ముందు బేరం వస్తుంది. పదో తరగతి సైన్సులో నాకెన్ని మార్కులొచ్చాయో తెలిస్తే మాత్రం నా దగ్గర పొడి ఎవరూ కొనరు.

ఆళ్లగడ్డలో మరియమ్మక్క పెరుగు యూనిట్ నాకు పాత గిరాకీ. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఏం పొడి ఇచ్చినావు బాషన్నా? మొన్నటి నుంచి సగం క్యాన్లలో పాలు పాలుగానే ఉండాయి."

"అదే డబ్బాలోది ఇంకోచోట రాయి మాదిరి తోడుకుంటాంది అక్కా."

"అయితే ఓబులేసు పాలే. వాని బర్రెకు పొదుగువాపొస్తే సూది ఏయించినాడంట. రేపట్నుంచి వాని పాలు ఆపుతాండా."

ఆ మాట నా చెవికి చల్లగా సోకింది. సూదిమందు పాలలోకి దిగితే తోడు బ్యాక్టీరియా చచ్చిపోతుంది, పెరుగు కాదు. నా పొడి మీది నింద తొలగిపోయిందని హాయిగా, పొడిని చల్లగా ఉంచే ఐస్ డబ్బా భుజాన వేసుకుని బస్సెక్కాను.

యూనిట్ ముందు ఓబులేసు నిలబడి ఉన్నాడు. రుద్రవరం దగ్గర పల్లె, రెండు బర్రెలు, అదే బతుకుతెరువు.

"సూది ఏయించింది నిజమే అప్పా. ఆ బర్రె పాలు పారబోస్తాండా. ఈడికి తెచ్చేది రెండోదాని పాలు."

"చూసినోళ్లెవరు?" అంది మరియమ్మక్క.

"బర్రెనడుగు."

ఎవరూ నవ్వలేదు. సూది పాలని ఒకసారి పేరుపడితే చుట్టుపక్కల ఏ కేంద్రంలోనూ ఆ క్యాను మూత కూడా తీయరు. బర్రెలను సంతకు తోలుకుపోవాల్సిందే.

లోపలికి వెళ్లి చూశాను. హోటళ్లు గట్టి పెరుగు అడుగుతాయని అక్క పెరుగును గుడ్డలో కట్టి వేలాడదీస్తుంది. కింద బకెట్లలోకి తేట కారుతోంది. ఆ తేటను తోడే గరిటెనే నీళ్లలో ఒకసారి జాడించి, కొత్త పాలలో పొడి కలుపుతున్నారు. పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. అక్క ఏడాదికి పైగా వాడుతున్నది ఒకే నంబరు కల్చర్, అంటే ఒకే రకం బ్యాక్టీరియా.

కంపెనీ శిక్షణలో ఒక మేడం చెప్పిన పాఠం గుర్తొచ్చింది. అప్పుడు భోజనం మీద ధ్యాసతో సగమే విన్నాను. బ్యాక్టీరియాకూ వైరస్ పడుతుంది. దాన్ని ఫేజ్ అంటారు. బ్యాక్టీరియాలోకి దూరి, అక్కడే పిల్లల్ని పెట్టి, దాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఒక్కో ఫేజ్‌కు ఒక్కో రకం బ్యాక్టీరియానే గిట్టుతుంది. రోజూ అదే రకం వేస్తుంటే అది తేటలో, గరిటె మీద, గాలిలో పెరుగుతూనే ఉంటుంది.

వైరస్ అనగానే అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "మళ్లీ కరోనానా ఏందన్నా?"

"ఇది మనుషుల జోలికి రాదక్కా."

"కనపడని దాని పేరు చెప్పి నీ పొడిని కాపాడుకుంటాండావ్."

"పొడినీ, ఓబులేసన్ననూ. సాయంత్రం దాకా టైమియ్యి."

"మధ్యాన్నం దాకా ఇస్తా."

"సాయంత్రమే అక్కా. నేను బేరమాడితే పెరుగు తొందరపడదు."

యూనిట్ గాలి తగలకూడదని వీధి చివర టైలర్ ఇంట్లో పరీక్ష పెట్టాం. వాళ్ల పొయ్యి, వాళ్ల గ్లాసులు, వాళ్ల చెంచాలు. పాలు మాత్రం ఓబులేసువి. కాచి, గోరువెచ్చగా చల్లార్చి మూడు గ్లాసుల్లో పోశాను. మొదటిదానిలో అక్క వాడే పొడి. రెండోదానిలో అదే పొడి, దాంతోపాటు యూనిట్‌లో తోడుకోక చెడిన పాలు చెంచాడు. మూడోదానిలో కూడా చెడిన పాలు చెంచాడు, పొడి మాత్రం వేరే నంబరుది. ఎవరూ కొనక నా ఐస్ డబ్బాలో చాలాకాలంగా తిరుగుతున్న రకం అది.

ఓబులేసు ఆ గడప మీదే కూర్చున్నాడు. టైలర్ భార్య టీ ఇస్తే పక్కన పెట్టాడు. టీ మీద మీగడ కట్టింది. నేను మాత్రం నాది తాగి, ఆయనదీ తాగాను. భయమేస్తే నాకు ఆకలి.

ఎండ వాలాక మరియమ్మక్క వచ్చింది. మొదటి గ్లాసు మెల్లగా వంచింది. పెరుగు కదల్లేదు.

"వంచక్కా, ఇంకా వంచు," అన్నాడు ఓబులేసు.

అక్క గ్లాసును పూర్తిగా బోర్లించింది. చుక్క రాలలేదు. అంటే పాలు మంచివి, పొడీ మంచిదే. రెండోది వంచితే పాలు చేతిమీద ఒలికాయి. మూడోది గట్టిగా తోడుకుంది. చెడిన పాలలో సూదిమందే ఉంటే ఈ కొత్త పొడి కూడా చచ్చేది. పాత పొడినొక్కదాన్నే ఏరుకుని తిన్నది ఫేజ్.

అక్క తడిచేయి కొంగుకు తుడుచుకుంది. తర్వాత ఓబులేసు ముందు నిలబడి, "రేపు నీ క్యాను అందరికన్నా ముందు పెట్టు. ఎందుకో నేనే అందరికీ చెప్తా," అంది.

ఆయన తల ఊపాడు. చల్లారిన టీ కోసం చూసుకుంటే ఖాళీ గ్లాసు కనిపించింది. "ఇంకొకటి పెట్టమ్మా," అన్నాడు టైలర్ భార్యతో.

తర్వాత యూనిట్‌లో పొడి కలిపే గదిని క్లోరిన్ నీళ్లతో కడిగించాం. తేట బకెట్లు బయటికి పోయాయి, గరిటెలు వేరయ్యాయి. కల్చర్ నంబర్లు మార్చి మార్చి వాడటం మొదలుపెట్టాం. దాన్నే కల్చర్ రొటేషన్ అంటారు. పెళ్లిళ్ల పెరుగు ఆగలేదు. అంగట్లో ఎన్నో అమ్మాను గానీ, ఆ గ్లాసు బోర్లించినప్పుడు పొంగినంతగా నా ఛాతీ ఎప్పుడూ పొంగలేదు.

ఆ రోజు నుంచి ఒకటి గమనిస్తున్నాను. పెరుగు తోడుకోలేదని ఏ యూనిట్ నుంచి ఫోనొచ్చినా, వాళ్ల నోట ముందుగా వచ్చేది ఒక మనిషి పేరే. పాలతనిదో, పనామెదో, ఒక్కోసారి నాదే. వాళ్ల మాట పూర్తిగా వింటాను. విన్నాక ఒకటే చెబుతాను: "నేనొచ్చి గ్లాసులు పెట్టేదాకా ఎవరి పాలూ ఆపొద్దు."