సిగ్నల్ పోయాక చెప్పిన కథ

భాషా ఉపాధ్యాయులకు తరగతిలో ఇంటర్నెట్ వాడటం నేర్పే పని ఆ ఏడాది నాకు అప్పగించారు. నేనూ తెలుగు మాస్టారినే. కంప్యూటర్ కాస్త తెలుసన్న పేరు తప్ప వేరే అర్హత లేదు. సంగారెడ్డిలో మూడు రోజుల శిక్షణ. ఒకరికి పాస్‌వర్డ్ గుర్తుండదు, ఇంకొకరికి తెలుగు టైపు రాదు, నెట్ మాత్రం అందరికీ ఒకేసారి ఆగిపోతుంది. ఆ గదిలో నాకు కాలు నిలిచేది కాదు.

రెండో రోజు మధ్యాహ్నం, పాశమైలారం వైపు నుంచి వచ్చిన ఒక టీచర్ చెయ్యెత్తింది. రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మనిషి.

"సార్, మా ఆరో క్లాసుల ఒక పిల్ల ఉంది. ఒడిశా నుంచి వచ్చిన్రు. అమ్మానాయిన కంపెనీల పని చేస్తరు. ఏడు నెలలాయె, పిల్ల నోరు తెరుస్తలేదు. గీ ఇంటర్నెట్ తోని మాట్లాడిస్తరా?"

"అనువాదం చేసే యాప్ ఉంది కదా మేడమ్."

"గదైతే ఫోన్ మాట్లాడుడు. నేనడిగేది పిల్ల మాట్లాడుడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, సాయంత్రం లారీల మధ్య బండి నడుపుతూ పటాన్‌చెరులో ఇల్లు చేరేదాకా ఆమెకు జవాబులు వెతుక్కుంటూనే ఉన్నాను. ఒక్కటీ నాకే నచ్చలేదు. తరువాతి వారం అనుమతి తీసుకుని ఆ బడికి వెళ్లాను.

"నీకు ఏ ఆట ఇష్టం?" అని ఆ పిల్ల కోసం అనువాద యాప్‌లో టైపు చేశాను. ఫోన్ ఒడియాలో గట్టిగా పలికింది. ఆ గొంతు విని పిల్లలంతా పకపకా నవ్వారు. తనను చూసే నవ్వారనుకుందేమో, ఆ పిల్ల తల వంచుకుంది. కళ్లలో నీళ్లు. నేను ఫోన్ జేబులో పెట్టేశాను. అంతమందిలో ఆ పిల్లను నిలబెట్టింది నేనే.

భోజనాల వేళ టీచర్ ఆ పిల్ల పక్కన కూర్చుని, వచ్చీరాని హిందీలో ఏదో అడిగి వచ్చింది.

"వాళ్ల నానమ్మ కథలు చెప్తదంట సార్. రోజూ వీడియో కాల్ చేస్తదంట. ముసలామెను క్లాసుకు పిలుద్దాం."

"క్లాసుకా? ఎలా?"

"ఇంటర్నెట్ నేర్పేది మీరే గద సార్!"

టీచర్ పిల్ల తల్లితో మాట్లాడి ఒప్పించింది. రెండు రోజుల తరువాత నా ఫోన్‌ను వైరు లేకుండా బడి టీవీకి కలిపాను. తెర మీద నానమ్మది కొంగు కప్పుకున్న నుదురు, ఒక కన్ను మాత్రమే కనిపించాయి. నానమ్మ ఒక్కో మాట చెబుతుంటే పిల్ల తెలుగులో చెప్పాలి. మొదటి వాక్యానికే ఆగిపోయింది.

"భాలు..."

"ఎలుగుబంటి!" అని తరగతంతా అరిచింది.

"ఎలుగు... బంటి," అంది నెమ్మదిగా. టీచర్ రెండు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాసింది.

నేను కథ వినలేదు. సిగ్నల్ గీతలు చూస్తూ కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతున్నాను. ఎలుగుబంటి తేనె కోసం చెట్టెక్కిందో లేదో, బొమ్మ ఆగిపోయింది. ఫోన్ పట్టుకుని వరండాలోకి పరుగెత్తాను. మళ్లీ చేశాను. కలవలేదు. మళ్లీ చేశాను.

లోపల ఎవరో అడిగారు: "గప్పుడేమైంది?"

ఒక సన్నని గొంతు జవాబిచ్చింది.

"గప్పుడు... కొమ్మ ఇరిగింది. ఎలుగుబంటి కింద పడ్డది. తేనె మొత్తం మొకం మీద..."

నవ్వులు. అందులో ఆ పిల్ల నవ్వూ ఉంది. ఆ 'గప్పుడు', ఆ 'మొకం' నేను నేర్పినవి కావు, పుస్తకంలోవీ కావు. ఏడు నెలలూ ఆ పిల్ల మౌనంగా వింటూనే ఉందన్నమాట.

అంతలో ఫోన్ కలిసింది. నానమ్మ ఏదో అడుగుతోంది. నాకు అర్థం కాలేదు. ఫోన్‌ను తలుపు వైపు తిప్పి పట్టుకున్నాను. మనవరాలి గొంతు వినబడగానే ఆమె మాట ఆపేసింది.

వేసవిలో ఆ కుటుంబం వేరే పనికి వెళ్లిపోయింది. ఎక్కడికో టీచర్‌కు కూడా తెలియదు. నేను ఇంకా శిక్షణలు ఇస్తూనే ఉన్నాను. ఎవరైనా చెయ్యెత్తి ఒక పిల్ల గురించి అడిగితే ఇప్పుడు యాప్ పేరు చెప్పను. ముందు ఆ పిల్లెవరో చెప్పమంటాను.