మొక్కుకోడి కాలు

అది 2016 వేసవి. బెళుగుప్పలో మా అంగడి అప్పటికి బస్సు ఆగే చోటుకు ఎదురుగా, రేకుల కప్పు కింద ఉండేది. దాణా, తవుడు, పశువుల మందులు అమ్మేవాణ్ణి. ఇప్పుడూ అదే పని. నేను డాక్టరును కాను. పదో తరగతితో నా బడి ముగిసింది. మందు సీసాలతో వచ్చే కాగితాలు చదివి, అర్థం కానివి పశువుల ఆసుపత్రి డాక్టరుగారిని అడిగి నేర్చుకున్నదే నా విద్య. సీసా మీద వంద కిలోల బరువుకు ఇంత మందు అని రాసి ఉంటుంది. కిలోన్నర కోడికి ఎంత అనేది ఎవరూ రాయరు. ఆ భాగహారం చేసి చెప్పడమే నా వృత్తి అనుకోవచ్చు.

అందుకోసం దూలానికి ఒక స్ప్రింగ్ కాటా వేలాడదీసి, కొక్కేనికి గుడ్డసంచి తగిలించేవాణ్ణి. కోడిని సంచిలో కూర్చోబెట్టి తూచేవాణ్ణి. బస్సు కోసం నిలబడినవాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏమప్పా, మందుకా, మసాలాకా?" అని అడిగేవాళ్ళు. రెండింటికీ బరువే ముఖ్యం అనేవాణ్ణి.

ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల ఊళ్ళలో పెరటికోడి లేని ఇల్లు తక్కువ. పొద్దున్నే గంప ఎత్తడం, సాయంత్రం మళ్ళీ గంప కింద మూయడం ఆడవాళ్ళ పని. ఏ పెట్ట ఎన్ని గుడ్లు పెట్టింది, ఏది పొదిగింది, ఏ పిల్లను గద్ద తన్నుకుపోయింది అన్నీ వాళ్ళ నోటి చివరనే ఉండేవి. జబ్బు చేస్తే ఆ చరిత్ర అంతా చెప్పిన తరువాతే కోడిని నా చేతికి ఇచ్చేవాళ్ళు. నాకు కావలసింది కూడా అదే.

అలా వచ్చింది వన్నూరమ్మ. మా ఊరికి దగ్గరి పల్లె. భర్త తిప్పేస్వామికి చిన్న చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉండేది. ఎర్రటి ఎండలో, చేతుల్లో పాత చీరగుడ్డ, అందులో ఒక నల్లపెట్ట. కాళ్ళు రెండూ చీర పీలికతో కట్టేసి ఉన్నాయి.

"అన్నా, దీన్ని ఎట్లన్నా బతికియ్యి. ఇంకో నెలకు జాతర ఉండాది" అంది కూర్చోకుండానే.

జాతరకూ కోడికీ సంబంధం వండుకోవడమే అనుకున్నాను. ఆ మాటను అప్పుడు పట్టించుకోలేదు.

"ఇంటికాడ ఇంకా ఎన్ని ఉండాయమ్మా?"

"ఇది కాక ఏడుండాయి. అవి బాగానే తిరుగుతాండాయి. పొద్దన గంప ఎత్తితే అన్నీ దిబ్బ మీదికి పోతాయి. ఇది ఆడనే కూర్చోనుంటాది, కండ్లు మూసుకోని మబ్బుగా."

"తింటాందా?"

"యాడ తింటాది? గింజలేస్తే దగ్గరికే రాదు."

నా పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు బరువు, తరువాత తల నుంచి కిందికి చేయి. కాటా కిలో రెండు వందలు చూపింది. ఆ వయసు నాటుపెట్టకు అది తక్కువ. రొమ్ము మధ్య ఎముకను మేము కీల్ అంటాం. అది వేలికి కత్తి అంచులా తగిలింది. అంటే కండ కరిగిపోయింది. మెడ మొదట్లో గింజలు నిలిచే సంచి, అంటే క్రాప్, ఖాళీగా ఉంది. తురాయి మాత్రం ఎర్రగానే ఉంది. పురుగులు పట్టి రక్తం తగ్గితే అది పాలిపోతుంది. ముక్కు పొడిగా ఉంది, ఊపిరిలో గురక లేదు. రెట్ట మామూలుగా ఉంది. అందరూ మొదట భయపడేది కొక్కెర తెగులుకు. డాక్టర్లు దాన్ని రాణీఖేత్ అంటారు. అది వస్తే ఒక్క కోడితో ఆగదు, గంపంతా ఊడ్చుకుపోతుంది. మిగతా ఏడూ బాగున్నాయి కాబట్టి దాన్నీ కొట్టేశాను.

కొట్టివేతలు అయిపోయాయి, మిగిలింది ఏమీ లేదు. ఏం తోచక, అరచేతిలో కాసిన్ని జొన్నలు పోసి ముక్కు దగ్గర పెట్టాను. పెట్ట ఒక్కసారి కళ్ళు తెరిచి, నా చేతికి గాయం చేసేటంత ఆత్రంగా పొడిచి తినేసింది.

"అయ్యో దొంగముండ! ఇంటికాడ నా ముందర ఇట్ల తినలేదే!" అంది వన్నూరమ్మ.

"నువ్వు చేత్తో పెట్టినావా?"

"కోడికి చేత్తో ఎవురు పెడతారన్నా, అదేమన్నా బిడ్డనా?"

అక్కడ దారి దొరికింది. తిండి తినని కోడి వేరు, తిండి దగ్గరికి రాలేని కోడి వేరు. రెండింటికీ బరువు ఒకేలా తగ్గుతుంది, క్రాప్ ఒకేలా ఖాళీ అవుతుంది. కాటా ఆ తేడా చెప్పలేదు. దీని ఆకలి చెడలేదు, నడక చెడింది.

కాళ్ళ పీలిక విప్పి నేల మీద వదిలాను. కుడికాలు మోపి, ఎడమకాలు పొట్ట కిందికి లాక్కుంది. ఎడమ పాదం వాచి, చల్లగా ఉంది. వేళ్ళ చివర నల్లబడుతున్నాయి. పాదానికి పైన పొలుసులుండే భాగాన్ని షాంక్ అంటాం. దాని చుట్టూ ఉంగరంలా ఒక గాడి కనిపించింది. పీలిక బిగించి కట్టిన గుర్తేమో అనుకుని, మరో ఇద్దరికి దాణా తూచి ఇచ్చి వచ్చి చూశాను. కుడికాలి మీది పీలిక గుర్తు మాయమైంది. ఎడమ కాలిది అలాగే ఉంది. గోటితో మెల్లగా తడిమితే లోపల ఏదో గట్టిగా తగిలింది.

"ఈ కాలికి ఎప్పుడన్నా ఏమన్నా కట్టినారామ్మా?"

ఆమె చీరగుడ్డ మడత పెడుతూ, "అమ్మోరి దారం" అంది.

అప్పుడు విషయమంతా బయటికి వచ్చింది. అంతకు ముందు ఏడాది తోటలో బోర్లు ఎండి, చీనీ చెట్లు ఆకు రాల్చే దశకు వచ్చాయట. కొత్త బోరు వేస్తూ, నీళ్ళు పడితే మరుసటి జాతరకు కోడినిస్తామని ఊరి అమ్మవారు సుంకులమ్మకు మొక్కుకున్నారు. అప్పుడే పుట్టిన పిల్లల్లో ఒకదాన్ని ఏరి, పసుపుదారం కాలికి కట్టారు. నీళ్ళు పడ్డాయి. కోడిపిల్ల పెరిగి పెట్ట అయింది. దారం కట్టినప్పటి నుంచీ అది ఇంటి కోడి కాదు, అమ్మోరి కోడి. ఎవరి వాకిట్లో గింజలు తిన్నా ఎవరూ అదిలించరు. ఇంట్లోవాళ్ళు కూడా దాని కాలు ముట్టుకోరు.

మొక్కుకోడి నిండుగా ఉండాలి. కుంటిదాన్ని, గుడ్డిదాన్ని అమ్మవారికి ఇవ్వరు. ఇంకొక కోడిని మార్చి ఇవ్వడానికి లేదు. ఇది జాతరకు అక్కరకు రాకపోతే మొక్కు చెల్లదు. మొక్కు చెల్లకపోతే బోరు నిలవదని వాళ్ళ భయం. చీనీ చెట్లు ఒక వేసవి ఎండితే మళ్ళీ నాటి కాపు చూడటానికి ఏళ్ళు పడుతుంది. ఆ చిన్న పాదం మీద ఒక తోట నిలబడి ఉంది.

"దారం కట్టినప్పుడు దీని కాలు అగ్గిపుల్లంత. ఇప్పుడు నా చిటికెన వేలంత. కాలు పెరిగింది గానీ దారం పెరగదు కదమ్మా. అది చర్మంలోకి దిగింది. కోసి తీసేస్తే పాదం దక్కుతాది. లేదంటే రాలిపోతాది" అన్నాను.

ఆమె కోడిని గభాలున దగ్గరికి లాక్కుంది. "దారం తెంపితే మొక్కు తెంపినట్లే. నీ లెక్క, అమ్మోరి లెక్క ఒకటేనా అన్నా?"

మరో మాటకు అవకాశం ఇవ్వకుండా ఎండలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం వరకు ఆ నల్లబడుతున్న వేళ్ళే కళ్ళ ముందు ఉన్నాయి. రక్తం అందని భాగం ఎంతో కాలం ఆగదు. అంగడి మూసి, సన్నటి కత్తెర, బ్లేడు, అయోడిన్ ఆయింట్‌మెంట్ తీసుకుని మోపెడ్ మీద వాళ్ళ పల్లెకు వెళ్ళాను.

తిప్పేస్వామి వాకిట్లో మంచం మీద ఉన్నాడు. అతని తల్లి మారెక్క అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నేను వచ్చిన పని చెప్పకముందే అతను అందుకున్నాడు.

"దారం మాట ఎత్తొద్దన్నా. అది కదలకుండా కూర్చున్నప్పట్నుంచి బోరులో నీళ్ళు సన్నమైనాయి."

"మీ పక్క తోట బోరు ఎట్లుండాది?"

"అదీ సన్నమే."

"వాళ్ళకు మొక్కుకోడి ఉండాదా?"

"నువ్వు కోళ్ళకు లెక్క చెప్పన్నా, బోర్లకు చెప్పొద్దు" అన్నాడు.

నేను వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది. ఆ కాలు చూపించాను. చల్లటి పాదాన్ని అతని చేత్తోనే తాకించాను. అతని ముఖం మారింది కానీ మాట మారలేదు. వన్నూరమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు మారెక్క చేతిలోని చింతపండు చేటలో వేసి, కోడలి వైపు తిరిగింది.

"ఏమే, నీ మెడలో పసుపుతాడు పెండ్లినాటిదేనా?"

"కాదత్తా. అరిగినప్పుడల్లా మారుస్తాం కదా."

"ఎన్ని మార్లు మార్చింటావు?"

"ఎవురు లెక్కపెట్టినారు?"

"మరి నీ మొగుడు సచ్చినాడా? అదిగో, మంచం మీద కూర్చోని బోరు గురించి ఏడుస్తాండాడు."

వన్నూరమ్మకు నవ్వు ఆగలేదు. తిప్పేస్వామి, "ఏందమ్మా ఆ మాటలు!" అన్నాడు.

"ఏందేమిరా? కొత్త తాడు మెడలో ఏసుకోని, ఆ పైన కదా పాతది తీసేది. మెడ ఒక్క గడియ కూడా బోసిగా ఉండదు. కోడికీ అంతే. కొత్త దారం ముందర కట్టు, పాతది ఆయప్ప కోస్తాడు. అమ్మోరు ఆడదే. ఆమెకు తెలీదా ఈ సంగతి?"

తిప్పేస్వామి మంచం దిగి, చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

మారెక్కే దారం తీసి పసుపునీళ్ళలో ముంచింది. దండం పెట్టుకుని కుడికాలికి కట్టబోతే, నా వేలు దూరేంత వదులుగా కట్టమన్నాను. "నీ వేలు లావుండాది, నా వేలు పెట్టుకుంటా" అని తన వేలు దూర్చి ముడి వేసింది. తరువాత ఎడమకాలిని ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళలో పెట్టి ఉంచాం. పైచర్మం మెత్తబడ్డాక సూదిమొనతో దారాన్ని పైకి లేపి, ఒకచోట తెంపి, ముక్కలు ముక్కలుగా బయటికి తీశాను. నల్లగా, జిగటగా వచ్చింది. చీము, కాస్త రక్తం. వన్నూరమ్మ పట్టుకున్న చేతుల్లో కోడి కదల్లేదు. పాత దారం ముక్కలను మారెక్క ఆకులో చుట్టి, చీనీ చెట్టు మొదట్లో పెట్టమని కొడుకుకు ఇచ్చింది.

ఇక మందు. మామూలుగా అయితే అలాంటి పుండుకు యాంటీబయాటిక్ రాసి ఇమ్మని డాక్టరుగారిని అడిగేవాణ్ణి. కానీ ఆ మందు పడ్డాక కొన్నాళ్ళ పాటు ఆ కోడి మాంసం తినకూడదు. దాన్ని విత్‌డ్రాయల్ పీరియడ్ అంటారు. ఈ కోడి జాతర నాటికి ప్రసాదం కావాలి. ఫోనులో అడిగితే, ముందు పైపూతతో చూడమని, నలుపు పైకి పాకితే తీసుకురమ్మని డాక్టరుగారు చెప్పారు. రోజూ కడిగి ఆయింట్‌మెంట్ రాయడం, ఈగ వాలకుండా చుట్టూ వేపనూనె పూయడం, గింజలు, నీళ్ళు కోడి ముందరికే పెట్టడం. అంతే.

"అంటే నిజంగానే బిడ్డకు పెట్టినట్లు పెట్టాల్నా?" అంది వన్నూరమ్మ.

"పెట్టు. జాతర దాకానే కదా."

ఆ మాట అన్నాక మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

రెండు మూడు రోజులకోసారి అంగడికి కబురు వచ్చేది. పాదం వెచ్చబడింది. వాపు దిగింది. నల్లబడిన వేళ్ళు తెగిపోతాయని నేను లోపల లెక్క వేసుకున్నాను కానీ, పై పొర పొలుసుల్లా ఊడి కింద కొత్త చర్మం వచ్చింది. ఒక రోజు వన్నూరమ్మ చేతులూపుకుంటూ వచ్చి, "దిబ్బ మీదికి ఎగిరిందన్నా! పుంజును తరుముతాండాది" అంది. ఆ పూట కాటా కింద కూర్చుని టీ తాగి వెళ్ళింది.

జాతర మరుసటి రోజు మధ్యాహ్నం ఆమే స్టీలు గిన్నె తెచ్చింది. మూత తీయకముందే వాసన చెప్పింది.

"నిండుగా ఇచ్చినామన్నా. పూజారమ్మ దాని కాళ్ళు రెండూ చూసి, మచ్చ లేదని తీసుకుంది. కాలు ముక్క నీకే తెచ్చినా."

"ఏ కాలు?"

"అది మాత్రం అడగద్దు."

ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత ఆమె, "పొద్దన గంప ఎత్తితే ఏడే వచ్చినాయి. ఇంకోటి రావాల్నని అట్లనే పట్టుకోని నిలబడినా" అంది. నేను తిన్నాను. మొక్కు కూర కాదనకూడదు. ఆ వేసవి వాళ్ళ బోరు సన్నగానే అయినా పోసింది, చెట్లు నిలిచాయి. అది ఎవరి లెక్కలో వేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ కోడి తరువాత నా పద్ధతి మారింది. కాటాకు తగిలించకముందే ఒక ప్రశ్న అడుగుతాను: ఈ కోడిని దేనికి పెంచుతున్నారు? గుడ్లకా, పిల్లలకా, అమ్మకానికా, మొక్కుకా? ఇంట్లోవాళ్ళ చేయి పడని చోటు ఏదో ఆ జవాబులో ఉంటుంది. దారం కట్టినవాళ్ళకు, వేలు దూరేంత వదులు ఉంచండి, అమావాస్యకొకసారి కొత్తది కట్టి పాతది తీయండి అని చెప్పేవాణ్ణి. కాలి కొలతలతో చెబితే వినలేదు. మారెక్క మాటగా పసుపుతాడు సంగతి చెబితే విన్నారు.

ఇప్పుడు ఆ మాట చెప్పే పని పడటం లేదు. జాతర పొద్దున ఉరవకొండలోనో గుంతకల్లులోనో నాటుకోడి కొని, ఆటోలో వస్తూనే కాలికి దారం కట్టేస్తున్నారు. మొక్కు చెల్లుతుంది, అందులో తప్పు లేదు. మొన్న అలాంటి ఒక కోడిని ఊరికే తూచి చూద్దామని చేతిలోకి తీసుకున్నాను. పసుపు ఇంకా తడిగా ఉంది, నా వేళ్ళకు అంటింది. ఆ దారం బిగుసుకునేంత కాలం ఏ ఇంటి గంప కిందా ఆ కోడి ఉండబోదు.