బుల్లెమ్మ గారి గుమ్మం దాటితే గెలిచినట్టు

మేడ మీద గదిలో ఉండే డేనియల్ వీడియో గేములు తయారు చేస్తాడని తెలిసిన రోజు నుంచి మా అక్షయని పైకి వెళ్ళనివ్వడం మానేశాను. దానికి నాలుగేళ్ళు. ఆ వయసు పిల్లలు రోజుకి ఎంతసేపు స్క్రీన్ చూడొచ్చో చెప్పే పరిశోధన వ్యాసాలు నా ఫోన్లో బోలెడున్నాయి. అవన్నీ చదవడానికి నేనెంతసేపు స్క్రీన్ చూస్తున్నానని మా ఆయన అప్పుడప్పుడు అడుగుతుంటాడు. నేను వినిపించుకోను.

తీరా చూస్తే డేనియల్ చేసిన మొదటి ఆటలో తుపాకీ లేదు, నెత్తురు లేదు, అసలు కదలికే లేదు. అందులో మనం ఒక పాలగిన్నె. తోడు వేసి మూత పెడతారు. తెల్లారేసరికి పెరుగు కావాలి. ఈలోగా ఫోన్ కదిపామా, పెరుగు చెదిరిపోతుంది. ముట్టుకోకుండా వదిలేసిన వాళ్ళే గెలుస్తారు. పిల్లల పెంపకం గురించి నేను చదివిన వాటన్నిటికీ ఇంత చక్కగా సరిపోయే ఆట ఇంకోటి లేదు. నేను మైక్రోబయాలజీ చదివి రొయ్యల ల్యాబ్‌లో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నదాన్ని కాబట్టి ఒకే ఒక్క అభ్యంతరం చెప్పాను. చలికాలంలో పెరుగు తోడుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ సంగతి ఆటలో లేదు. డేనియల్ చాలా గంభీరంగా తలూపి వెళ్ళి ఆటలో చలికాలం పెట్టాడు, గిన్నెకి తువ్వాలు చుట్టుకునే సదుపాయంతో సహా. ఆ ఆటని ప్రపంచం మొత్తం మీద ఓ పదిహేను మంది ఆడి ఉంటారు. వాళ్ళలో నేనొకదాన్ని.

డేనియల్‌ది ఉయ్యూరు. వాళ్ళ నాన్న ఏసుపాదం గారు చెరకు లారీ నడిపేవారు. అమ్మ రూతు గారు నర్సు. కంకిపాడు దగ్గర ఇంజినీరింగ్ చదివి, హైదరాబాదులో బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాసి, ఉన్నట్టుండి అది మానేసి, పోరంకిలో మేమంతా అద్దెకుండే బుల్లెమ్మ గారి ఇంట్లో మేడ మీద గది తీసుకున్నాడు. బతుకుతెరువుకి పెళ్ళి వీడియోల్లో వధూవరుల మీద గులాబీ రేకులు రాలుస్తాడు. మిగతా టైమంతా ఎవరూ అడగని ఆటలు. "నీ ఆటలో ఏం చేస్తే గెలుస్తాం?" అని అడిగితే చాలు, ఇరుకున పడిపోతాడు. "గెలవడమంటే అక్కా..." అని ఆగిపోతాడు. హనుమాన్ జంక్షన్‌లో సీటున్న బస్సు కోసం ఎదురుచూసే ఆట ఒకటి చేశాడు. ఆ బస్సు ఎంతకీ రాదు. ఆడినవాళ్ళు తిట్టారు.

"నిజంగా కూడా రాదు కదక్కా," అన్నాడు నాతో, తప్పేముందన్నట్టు.

మూడో ఆట మాత్రం దారి తప్పి జనంలోకి వెళ్ళిపోయింది. దాని పేరు 'శుభలేఖ'. డేనియల్ చెల్లెలు దీవెన పెళ్ళికి కార్డులు పంచింది ఇతనే. ఉయ్యూరులో బంధువులు, చర్చివాళ్ళు, అమ్మతో పనిచేసినవాళ్ళు. కార్డిచ్చి ఊరికే వచ్చేస్తే మర్యాద కాదు, కూర్చోవాలి. కూర్చుంటే పెట్టకుండా పంపడం వాళ్ళకి మర్యాద కాదు. ఒకరింట్లో తిని ఇంకొకరింట్లో వద్దన్నాడని తెలిస్తే అది పెళ్ళయిన తర్వాత కూడా వినాల్సి వస్తుంది. అలా తింటూ తిరిగి తిరిగి, సాయంత్రానికి చేతిలో ఇంకా సగం కార్డులుండగానే, రూతు గారు పనిచేసే ఆసుపత్రిలోనే సెలైన్ పెట్టించుకున్నాడు. అక్కడ పడుకుని ఆలోచించిన ఆట ఇది.

ఆటలో మనం కార్డు ఇవ్వడానికి ఒక ఇంటికి వెళతాం. ఆ ఇల్లాలు పెట్టేవన్నీ తప్పించుకుని, ఆవిడని నొప్పించకుండా, గుమ్మం దాటాలి. అంతే. మనకి కొన్ని ఆయుధాలుంటాయి. "ఇప్పుడే తిన్నానండీ" అనొచ్చు. "బస్సు టైమైంది" అనొచ్చు. "షుగర్ ఉంది" అనొచ్చు. షుగరంటే ఆవిడ చక్కెర లేని కాఫీ తెస్తుంది, పక్కన జంతికలు పెట్టి. పొట్ట నిండిపోతే ఆట అయిపోయినట్టే.

ఆ ఇల్లాలి గొంతు మా ఇంటి ఓనరు బుల్లెమ్మ గారిది.

ఇంకెవరిది అవుతుంది? గ్యాస్ బండ తెచ్చినవాడూ కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడూ కూడా ఏదో ఒకటి నమలకుండా ఆవిడ గేటు దాటరు. డేనియల్ ఒక మధ్యాహ్నం ఫోన్ ఆన్ చేసి, "పిన్నిగారూ, ఎవరైనా ఇంటికొస్తే పెడతారు కదా, అలా మాట్లాడండి" అన్నాడట. ఆవిడ కాఫీ టైము దాకా ఆగకుండా మాట్లాడారు. ఎందుకని అడగలేదు. పెళ్ళి వీడియోకేమో అనుకున్నారు. ఇతనూ అవునని అనలేదు, కాదనీ అనలేదు.

విచిత్రమైన ఆటలకోసమే ఇంటర్నెట్‌లో జరిగే ఒక ఉత్సవానికి, ఆ ఒక్క ఇంటి ముక్కని నమూనాగా పంపాడు. నేనూ చూశాను ఆ పేజీ. యజమానిని వెతుక్కుంటూ తిరిగే గొడుగు ఒక ఆటలో. నిద్రపట్టని మంచం ఇంకో ఆటలో. వాటన్నిటి మధ్య మన బుల్లెమ్మ గారు జరీ అంచు చీరలో, గరిటెతో. కింద వచ్చే ఇంగ్లీషు మాటలు చదువుకుంటూ ఎక్కడెక్కడి వాళ్ళో ఆడారు. "గుమ్మం దాకా వచ్చేశాను. 'ఒక్క నిమిషం' అంది. నా గుండె ఆగిపోయింది" అని రాశాడొకడు. "ఈవిడ కలలోకి వస్తోంది" అని ఇంకొకడు. పూర్తి ఆట వచ్చే ఎండాకాలానికల్లా వస్తుందని డేనియల్ మాటిచ్చేశాడు. దానికి ఇంకా బోలెడు మాటలు కావాలి. అడగడానికి వెళితే బుల్లెమ్మ గారు ఒకటే అన్నారట.

"ముందు నా గొంతు ఎక్కడ పెట్టావో చూపించు. చూశాకే మిగతాది."

అప్పుడొచ్చాడు మా ఇంటికి, మొహం వేలాడేసుకుని.

"అక్కా, మీరూ రండి. మీరుంటే ఆవిడ గట్టిగా తిట్టరు."

"తిట్టడానికేముంది? మంచి ఆటేగా?"

"ఆవిడ బొమ్మ కింద 'శత్రువు' అని ఉందక్కా."

"తీసెయ్యి."

"అది తీసేస్తాను. కానీ ఆడితే తెలిసిపోతుంది కదా? ఆవిడ పెట్టిందల్లా తప్పించుకోవడమే ఆట."

ఇంకెవరి గొంతైనా పెట్టుకోరాదా అన్నాను. ప్రయత్నించాడట. డబ్బింగ్ చెప్పే ఒకావిడ చేత చెప్పించాడు. "పెడుతున్నట్టు లేదక్కా, అమ్ముతున్నట్టుంది" అన్నాడు. బుల్లెమ్మ గారు కాదంటే ఆట లేదు. అంతకన్నా, ఆవిడ మనసు కష్టపెట్టుకుంటే రోజూ మెట్ల మీద ఆ మొహం ఎలా చూడాలి? అదీ అతని బెంగ.

ఆదివారం, చర్చి అయ్యాక వెళ్ళాం. అక్షయ నా చెయ్యి పట్టుకుంది. హాల్లో బుల్లెమ్మ గారి భర్త రామకోటేశ్వరరావు గారు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. డేనియల్ టీపాయ్ మీద లాప్‌టాప్ పెట్టి, మౌసు ఆవిడ చేతికిచ్చాడు.

"మీరు కార్డు ఇవ్వడానికి వచ్చారు పిన్నిగారూ. ఇది ఆ ఇల్లు."

"ఎవరి పెళ్ళి?"

"ఎవరిదో ఒకరిది."

"ఎవరిదో తెలీకుండా కార్డెలా ఇస్తానయ్యా?"

"దీవెన పెళ్ళనుకోండి."

స్క్రీన్ మీది ఆవిడ, "రామ్మా రా, ఎండలో వచ్చావు, మంచినీళ్ళు తాగు" అంది. బుల్లెమ్మ గారు తన గొంతు విని నవ్వి, చీర సర్దుకుని, "తాగుతానమ్మా" అని బదులిచ్చారు. గారెలు వచ్చాయి. డేనియల్ వద్దనడానికి నొక్కాల్సిన చోటు చూపించాడు.

"వద్దనడమెందుకు? వేడిగా ఉన్నట్టున్నాయిగా."

తిన్నారు. రెండోసారి వడ్డిస్తే తిన్నారు. పులిహోర తిన్నారు. పరమాన్నం దగ్గర పొట్ట నిండిపోయింది. స్క్రీన్ ఎర్రగా మారి 'మీరు ఓడిపోయారు' అని పెద్ద అక్షరాలు వచ్చాయి.

"ఓడిపోవడమేంటి?" అన్నారు బుల్లెమ్మ గారు. "కడుపునిండా తిన్నానుగా."

డేనియల్ నా వైపు చూశాడు. నేను అక్షయ జడ సరిచేశాను.

"అది... తినకుండా బయటపడాలి పిన్నిగారూ. బయటపడితే గెలిచినట్టు."

"మరి ఆ పెట్టేది నేనేగా?"

"మీరే."

"అంటే నన్ను తప్పించుకుంటే గెలిచినట్టు."

డేనియల్ ఔనన్నట్టు తలూపాడు. ఆవిడ మౌసు వదిలేసి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"నిజం చెప్పు అబ్బాయ్. నేను పైకి ప్లేటు పంపిస్తే నీకూ ఇలాగే ఉంటుందా?"

అబద్ధం చెప్పేస్తాడనుకున్నాను. చెప్పినా బాగుండేదనిపించింది.

"రోజూ కాదు పిన్నిగారూ. చర్చిలో భోజనాలున్న రోజు మాత్రం... కొంచెం."

"మరి చెప్పొచ్చుగా, వద్దని!"

"చెప్పాను పిన్నిగారూ. ప్రతిసారీ చెప్పాను. ఈ ఆట మొత్తం అదే కదా!"

పేపరు వెనక నుంచి ఓ నవ్వు మొదలైంది. రామకోటేశ్వరరావు గారు పేపరు దించారు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆటలో కూర్చోబెట్టావు కదయ్యా మా ఆవిణ్ణి! పెళ్ళయినకాడ్నించీ ఆడతన్నా నేనీ ఆట. ఒక్కసారీ గెలవలా."

"మీరు ఊరుకోండి," అని ఆవిడ ఆయన్ని గద్దించారు కానీ పెదవి చివర కదిలింది. మళ్ళీ స్క్రీన్ వైపు తిరిగారు. "సరే గానీ, ఎవరైనా గెలిచారా?"

"ఇప్పటిదాకా ఇద్దరే. ఒకతను జపాన్. ఇంకొకావిడ ఏ దేశమో తెలీదు."

అంతే, ఆవిడ మొహం మారిపోయింది. తనని తప్పించుకుంటే గెలిచినట్టన్నందుకు రాని కోపం అప్పుడొచ్చింది.

"ఇద్దరు నా ఇంటికొచ్చి ఉత్త కడుపుతో వెళ్ళిపోయారా? ఎలా పోనిచ్చావు?"

"గుమ్మం దాటేశారండీ. దాటితే..."

"గుమ్మం దాటితే అయిపోతుందా? గేటు లేదూ? గేటు దాకా నేను రానూ? చేతిలో ఏదన్నా కవరు పెట్టకుండా పంపిస్తానా? ఏవయ్యా, ఇన్నాళ్ళు ఈ ఇంట్లో ఉండి ఏం చూశావు నువ్వు?"

డేనియల్ ఎప్పుడూ మేడ మెట్లెక్కి పైకే పోతాడు. గేటు దగ్గర జరిగే కార్యక్రమం అతనికి తెలియదు. ఆటలో గేటే లేదు.

"నా గొంతు కావాలంటే రెండు పనులు చెయ్యి," అన్నారావిడ. "గేటు పెట్టు. రెండోది, తిన్నవాణ్ణి పట్టుకుని ఓడిపోయావని రాయకు. అన్నం తిన్న మనిషిని అంటారా ఆ మాట?"

"ఏం రాయమంటారు?"

"కడుపు నిండింది అని రాయి. నిండింది కదా?"

డేనియల్ అక్కడికక్కడే లాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకుని మార్చాడు. ఎర్ర రంగు కూడా తీసేశాడు. ఇక ఆ ఆటలో గేటు దాటినవాళ్ళు గెలుస్తారు, దాటనివాళ్ళకి కడుపు నిండుతుంది. "నీ ఆటలో ఏం చేస్తే గెలుస్తాం?" అని అడగబోయి మానేశాను. మొదటిసారిగా అతని మొహంలో ఆ ఇబ్బంది లేదు.

తర్వాత అందరం గేటు దగ్గరికి వెళ్ళాం, రికార్డు చేయడానికి. డేనియల్ ఫోన్ పట్టుకున్నాడు. చుట్టం వేషం నాది. బుల్లెమ్మ గారు గేటు గడియ మీద చెయ్యేసి, తీయకుండా, మొదలుపెట్టారు.

"అదేంటమ్మా, అప్పుడే? పిల్లని సరిగ్గా చూడనేలేదు. ఉండు, నాలుగు దొండకాయలు కోసిస్తాను. మోయలేవా? కవరులో వేస్తాగా. మీ అత్తగారికి అరిటిపువ్వంటే ఇష్టమన్నావు, ఒక్క నిమిషం. ఒక్కటంటే ఒక్కటే."

ఆవిడ నిజంగానే దొడ్లోకి వెళ్ళి కోసుకొచ్చారు. డేనియల్ ఫోన్ పట్టుకుని ఆవిడ వెనకే పరిగెత్తాడు. మళ్ళీ గేటు. మళ్ళీ గడియ మీద చెయ్యి. నా రెండు చేతుల్లో రెండు కవర్లు. అక్షయ నోట్లో అరటిపండు. ఆ పిల్ల మధ్యాహ్నం తిన్నది అరిగిందో లేదో అని నా భయం నాది.

చివరికి డేనియల్ ఫోన్ ఆపి, చెమట తుడుచుకున్నాడు.

"అద్భుతం పిన్నిగారూ. ఈసారి జపాన్ వాడు చచ్చినా బయటపడడు. మరి మేం వెళ్ళొస్తాం."

బుల్లెమ్మ గారు గడియ మీది చెయ్యి తీయలేదు.

"ఇప్పటిదాకా అన్నది నీ ఆటకి. ఇప్పుడు నిజంగా అడుగుతున్నా. వంటింట్లో గారెలపిండి రుబ్బి పెట్టాను, అదేం చెయ్యమంటావు?"