తాళాలక్క బీరువాలో మూడు కవర్లు

మా ఆఫీసులో రికార్డు గది చూసే ఆవిడను అందరం తాళాలక్క అంటాం. ముప్పై ఏళ్లలో ఒక్క కాగితం పోనివ్వలేదు. ఎవరు గొడుగు ఇచ్చినా, మందుల పొట్లం ఇచ్చినా, ఇంటి తాళం ఇచ్చినా పేరు రాసి బీరువాలో పెట్టేది. ఇన్ని చేసే మనిషికి, కాదనడం మాత్రం చేతకాదు.

ఈ మధ్య మాకు డిజిటల్ సర్టిఫికెట్లు ఇచ్చే పని అప్పగించారు. కంప్యూటర్లో వచ్చిన కాగితం అసలుదని చెప్పే ముద్ర అన్నమాట. ఆ ముద్రలన్నిటికీ మూలతాళం ఒకటే. ముగ్గురు తమతమ కార్డులు పెడితేనే అది తెరుచుకోవాలి, ఏ రెండు కార్డులూ ఒకచోట ఉండకూడదు. యంత్రం నడిపే ఇంజనీరు కార్డు ముట్టకూడదు. తనిఖీకి వచ్చినాయన చూడాలి తప్ప చెయ్యి పెట్టకూడదు. కార్డులు లెక్కలాయనకు, లాయరు గారికి, నాకు ఇచ్చారు. అడుగడుగూ పుస్తకంలో రాసే సాక్షి తాళాలక్క.

మూలతాళం మొదటిసారి తెరిచే రోజు వచ్చింది. ఆ మర్నాడు పొద్దునే అక్క చెల్లెలికి కంటి ఆపరేషన్. వెంట ఉండటానికి వేరే దిక్కు లేదు. ఆ సాయంత్రమే నాలుగు గంటల బస్సు ఎక్కాలి. ఈ పని అయ్యాకే సెలవన్నాడు పై అధికారి.

పదకొండింటికి తనిఖీ ఆయన అడిగాడు. "కార్డులు తీయండి."

"నాది భద్రంగా ఉందండీ, అక్క దగ్గర," అన్నాడు లెక్కలాయన.

"నాదీ అక్క దగ్గరే," అన్నారు లాయరు గారు.

నేను నేల చూశాను.

తనిఖీ ఆయన కళ్లజోడు తీసేశాడు. "ముగ్గురికి పంచి, మూడూ ఒక్క బీరువాలోనా? మూలతాళం ఈవిడదేనన్నమాట!"

"నాకేం తెలుసు నాయనా!" అక్క ముఖం ఎర్రబడింది. "ఒక్కొక్కరూ వచ్చి, అంటించిన కవరు చేతిలో పెట్టి, ఎవరికీ చెప్పకక్కా అన్నారు. చెప్పలేదు. మీ గొడుగులు దాచాను, మీ మాత్రలు దాచాను. ఇక మీ బుర్రలు కూడా నేనే దాచాలా?"

ఆ కార్డులు రద్దయ్యాయి. కొత్తవి చేయడానికి నాలుగు గంటలైనా పడుతుందన్నాడు ఇంజనీరు. అక్క గోడ గడియారం వైపు చూసింది. ఇంజనీరు తిండి మానేసి యంత్రం ముందు కూర్చున్నాడు. లాయరు గారు తన కొత్త కార్డు రహస్య సంఖ్య రెండుసార్లు తప్పు కొట్టారు. అక్క గట్టిగా ఊపిరి విడిచిన చప్పుడు గదంతా వినిపించింది. తనిఖీ ఆయన మాత్రం తన కుర్చీ ఆమెకు జరిపి, మంచినీళ్లు పోసి ఇచ్చాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు పాపం.

దేవుడి దయవల్ల మూడుంపావుకి పని ముగిసింది. అధికారి నిలుచున్నచోటే సెలవు కాగితం మీద సంతకం పెట్టాడు. అక్క సంచీ అందుకోబోయింది. అంతలో లాయరు గారు అలవాటుగా కొత్త కార్డున్న కవరు ఆమె ముందుకు చాపారు.

అక్క రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఉంచుకోను."

ముప్పై ఏళ్లలో ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు.

సంచీ నేనే మోశాను. బస్సు కదులుతుండగా కిటికీలోంచి తొంగి చూసింది.

"నీ కార్డు ఎక్కడ పెడతావు తమ్ముడూ?"

"ఇంకా అనుకోలేదక్కా."

"అనుకున్నాక నాకు మాత్రం చెప్పి చావకు!"